ఆవిరి చప్పుడయ్యేదాక

పోయిన సోమవారం పొద్దున మా పళ్ల డాక్టరమ్మ పోయింది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ సంగతి తెలియక అమ్మా నేనూ ఆమె దవాఖాన మెట్ల మీద కూర్చొని ఉన్నాం. అమ్మ దవడ పన్నుకు నరం తీసి, మందు పెట్టి, "వారమైనాక రా, పూర్తి చేస్త. ఆలస్యం చేస్తే పన్ను దక్కదు" అన్నది ఆమే. షట్టర్ లేవలేదు. ఎదురుగా మందుల దుకాణమాయన రోడ్డు దాటి వచ్చి "డాక్టర్‌బాయి గేల్యా" అన్నడు మెల్లగా. ఇక లేదని. అమ్మ చెంప మీది చేయి తీయలేదు. జివతి నుంచి మొదటి బస్సుకు వచ్చిన ముసలి జంట కూడా లేవలేదు. ఎండ మెట్ల మీదికి వచ్చేదాక అందరం అట్లనే కూర్చున్నాం, ఇంకా పిలుస్తదన్నట్టు.

ఆమె మరాఠీ ఆమె. మా నాయనలాంటి బొగ్గు గనుల తెలుగోళ్ల దగ్గర, అదీ నోరు తెరిచి పడుకున్నోళ్ల దగ్గర, తెలుగు నేర్చుకున్నది. "నాకు మీ భాష సగమే వచ్చు. మిగతా సగం చెప్పేటప్పుడు మీ నోట్ల నా వేళ్లుండె" అని నవ్వేది. పొగాకు, వక్క కలిపిన ఖర్రా నమిలి నమిలి దవడలు బిగుసుకుపోయిన మా నాయనను చూస్తే మాత్రం నవ్వేది కాదు. "తెరువు. ఇంకా తెరువు. పెండ్లాం మీద అరిచేటప్పుడు ఇంతే తెరుస్తవా?" అనేది.

ఆమె గదిలో ఆకుపచ్చ తెర ఒకటి ఉండేది. దాని వెనక సామాన్లకు ఆవిరి పట్టే మిషన్. అది బుస్సుమని, సన్నగా ఈల వేసి, చల్లబడేదాక ఎవరినీ పిలిచేది కాదు. కిటికీ అంచు మీద బొగ్గు దుమ్ము వాలుతుంటే తడిగుడ్డతో తుడుస్తూ ఉండేది. చిన్నప్పుడు అమ్మ ఒడిలో ఆ చప్పుడు వింటుంటే నాకు కునుకు పట్టేది. తెర వెనక ఒక రైలు ఆగి ఉందనీ, పిలిచినోళ్లు ఒక్కొక్కరే ఎక్కి ఎటో పోతున్నారనీ అనుకునేదాన్ని. ఇప్పటికీ రైలు కూత వింటే నా నోట్లో లవంగం వాసన వస్తది.

లోపలికి పోగానే అతికించిన ప్యాకెట్ ఒకటి మన అరచేతిలో పెట్టేది. వేడి తగ్గినా ఇంకా వెచ్చగుండేది. "చింపు. నీ చేత్తోనే చింపు." మనం చింపితేనే అందులోని సామాన్లు ముట్టుకునేది. ఒకసారి కోఠారి ఊరి పెద్దాయన ఒకడు అది ఇంటికిచ్చిన మందనుకొని అంగీ జేబులో పెట్టుకొని, దండం పెట్టి లేచిండు. "మామా, నా సామాను నాకియ్యి, నీ పన్ను నువ్వు తీస్కపో" అన్నది. గదంతా చెంపలు పట్టుకొని నవ్వింది.

నిరుడు ఆమె ఫీజు పెంచింది. నేను మరాఠీ బడిలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు కార్మికుల కరపత్రాల్లో కూడబలుక్కొని నేర్చుకున్నా. అందులో చదివిన కోపమంతా ఎర్ర సిరాతో రాసి ఆమె షట్టర్ మీద అతికించిన: నొప్పి మీద వ్యాపారమా అని. ఆమె చింపలేదు. లోపలికి పిలిచి, మిషన్ మూత తీసి, పగిలిన రబ్బరు పట్టీ చూపించింది.

"ఇది మార్చాలె లీడర్‌బాయి. మార్చకుంటే ఆవిరి నిలువదు. గ్లౌజులు, ప్యాకెట్లు, అన్నీ పిరమైనయ్. గాజు తలుపులకు, చల్లగాలికి పైసలడుగుతే కొట్లాడు, నేను గుడ వస్త. ఆవిరికి అడుగుతే మాత్రం ఇయ్యి."

"ఇయ్యలేనోళ్లు ఏం జెయ్యాలె?"

ఆమె చాలాసేపు మూత తుడిచింది. "అది నన్నొక్కదాన్నే అడుగుతే ఎట్ల? సర్కారునడుగు. గట్టిగ అడుగు."

ఈ మాట మీద మేం ఎన్నడూ ఒక్కటి కాలేదు. కానీ ఆ రోజు నా కాగితం కింద ఆమె ఇంకొక వాక్యం రాయించింది: సామాన్లకు ఆవిరి పెట్టిన్రా అని ప్రతి దవాఖానలో అడగండి. మూసిన షట్టర్ మీద ఆ కాగితం ఇంకా ఉంది. ఎర్ర సిరా వెలిసి గులాబీ అయింది.

నిన్న అమ్మ నొప్పి ఓర్వలేక పెద్ద రోడ్డు మీది కొత్త క్లినిక్‌కు పోయినం. గాజు తలుపు, చల్లగాలి, చేప పిల్లల తొట్టి. వాళ్లు చెప్పిన ఫీజు విని అమ్మ కొంగు బిగించుకున్నది. అయినా కుర్చీ ఎక్కింది. ఒక పిల్ల మూత లేని పళ్లెంలో సామాన్లు తెచ్చి నోరు తెరవమన్నది. అమ్మ నోరు తెరవలేదు. అరచేయి చాపింది.

"ప్యాకెట్ ఏది?"

"అన్నీ కడిగినవే ఆంటీ."

"కడుగుతే కాదు బిడ్డా. ఆవిరి పట్టాలె."

నేను లేచి అరవబోతుంటే అమ్మ రెండో చేత్తో నా మణికట్టు పట్టుకున్నది. "నువ్వు రేపు అరువు. ఇప్పుడు నా పన్ను చూసుకోనియ్యి." పెదవులు బిగబట్టి అట్లనే కూర్చున్నది, వాచిన చెంపతో, చాపిన చేత్తో. పక్కన నిలబడ్డ కుర్ర డాక్టర్ ఆ చేతిని చూసిండు. మమ్మల్ని పొమ్మంటడనుకున్నా. పళ్లెం తనే ఎత్తుకొని లోపలికి పోయిండు.

ఫీజు మీద నా కొట్లాట మిగిలే ఉంది, మరువలేదు. కానీ అప్పుడు మాత్రం మేమిద్దరం లోపలి దిక్కే చెవి పెట్టినం. తొట్టిలో చేపలు తిరుగుతున్నాయి. కాసేపటికి గోడ అవతల ఏదో బుస్సుమన్నది. అమ్మ కండ్లు మూసుకున్నది. అరచేయి మాత్రం ఒడిలో తెరిచే ఉంచింది, అందులో ఎవరో వెచ్చగా ఏదో పెట్టబోతున్నట్టు.