మద్రాసులో నేను ఇవ్వని బంతి

ముప్ఫై ఏళ్ళు దాటింది దీన్ని మొయ్యడం మొదలుపెట్టి. మొయ్యడం అంటే రోజూ కుమిలిపోయానని కాదు. నిజం చెప్పాలంటే చాలా రోజులు హాయిగానే ఉన్నాను. ఉద్యోగం చేశాను. పిల్లల్ని పెంచాను. ఇక్కడ అండమాన్‌లో, డెలానీపూర్ ప్రభుత్వ క్వార్టర్సులో ఇరుగుపొరుగుతో కబుర్లు చెప్పుకున్నాను. కానీ ఎక్కడైనా ఎవరైనా 'రత్నం' అని పిలిస్తే, అది మరెవరి పేరైనా సరే, చేతిలో పని ఆగిపోయేది, అటు తల తిప్పలేకపోయేదాన్ని. కూరగాయల బేరం మధ్యలో మాట ఆగిపోయేది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని. ఇప్పుడు నన్ను చూస్తే నవ్వుతారు, మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకునే మనిషిని. ఆ రోజుల్లో మా అండమాన్ అమ్మాయిల జట్టుకి నేను కెప్టెన్ని. బంతిని కింద కొడుతూ తీసుకొచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి, వాళ్ళకి అందించడం నా పని. ఆ ఆటలో బుట్టలో వేసేవాళ్ళ పేరే అందరూ అరుస్తారు. అందించేవాళ్ళ పేరు ఎవరూ అరవరు. ఇది సాకుగా చెప్పడం లేదు. కానీ ఇక్కణ్ణుంచే మొదలైంది కాబట్టి చెప్పాలి.

మా జట్టులో బుట్టలో వేసేది రత్నం. జంగ్లీఘాట్ అమ్మాయి. వాళ్ళ నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాది అబర్డీన్ బజార్‌లో బట్టల కొట్టు. రత్నం నాకంటే ఒక ఏడాది చిన్నది, నన్ను 'అక్కా' అనేది. ఆమెలో ఒక గుణం ఉండేది, ఈ కథంతా దాని మీదే నడిచింది. రత్నం ఎప్పుడూ బంతి కోసం అరిచేది కాదు. మిగతా వాళ్ళమంతా 'ఇటు ఇటు', 'ఇధర్ దే' అని గొంతులు చించుకునేవాళ్ళం. ఆమె కోర్టుకి ఎడమ మూలకి జారుకుని, అరచెయ్యి నడుము దగ్గర తెరిచి నిలబడేది. అంతే. ఆ చెయ్యి నేను చూడాలి. నేను తప్ప ఎవరూ చూడరు. చూసి అందిస్తే చాలు, ఆమె గాల్లోకి లేచేది, చూసేవాళ్ళు ఆమెకంటే ముందే లేచేవారు.

మద్రాసులో పెద్ద టోర్నమెంటుకి ఓడలో వెళ్ళాం. ఓడ బయల్దేరే ముందే ఒక మాట మా చెవిన పడింది. ఆ ఏడాది ఆటగాళ్ళ కోటాలో మా జట్టు నుంచి ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం వస్తుందట, మద్రాసులో ఎవరు బాగా ఆడితే వాళ్ళకి. అందరూ రత్నం వైపు చూశారు. డెక్కు మీద గాలి పీల్చుకుంటుంటే ఓడలో వంటవాడు వచ్చి, "మీలో రత్నం ఎవరమ్మా?" అని అడిగాడు. కెప్టెన్ ఎవరని అడగలేదు. నాకు వాంతి వచ్చినట్టయింది. సముద్రం పడలేదనుకుని మా జట్టులోని షెఫాలీ నిమ్మకాయ తెచ్చి ఇచ్చింది. నేనూ సముద్రమే అనుకున్నాను.

నాకు ఆ ఉద్యోగం అవసరమా? లేదు. మా కొట్టు బాగానే నడిచేది. అవసరం రత్నానిది. ఇది నాకు అప్పుడూ తెలుసు. తెలియక చేసినదైతే మీకు ఇలా రాయాల్సిన పనే లేదు.

మద్రాసులో ఆడిన ఆ మ్యాచ్‌లో మొదట నేను ఏమీ అనుకోలేదు. అనుకోలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. బంతి నా చేతిలో ఉంది. ఎడమ మూలలో ఆమె అరచెయ్యి కనిపించింది. నేను కుడివైపు తిరిగాను. అంతే కదా, ఒక్కసారి కుడివైపు తిరగడం తప్పా? మళ్ళీ ఆమె చెయ్యి కనిపించింది. మళ్ళీ తిరిగాను. మూడోసారి నేనే వేశాను, పడింది, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎంత తియ్యగా ఉన్నాయో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. చెబుతున్నాను. చాలా తియ్యగా ఉన్నాయి.

రత్నం అప్పటికీ అరవలేదు. నావైపు ఒకసారి చూసింది, అంతే. అక్కకి కనపడలేదేమో అనుకుని ఉంటుంది. ఆ చూపు తర్వాతైనా మానేసి ఉండొచ్చు నేను. మానలేదు. రెండో సగంలో ఇంకో పని చేశాను. బంతి ఇచ్చాను. ఎలా ఇచ్చానంటే, ఆమె మీదకి అవతలి జట్టు అమ్మాయి వచ్చేదాకా ఆగి, మోకాళ్ళ దగ్గరకి, గట్టిగా ఇచ్చాను. బంతి ఆమె వేళ్ళకి తగిలి బయటకి పోయింది. జనం 'అయ్యో' అన్నారు. ఆ అయ్యో రత్నానికి తగిలింది. మళ్ళీ అలాగే ఇచ్చాను. ఆ తర్వాత నిజంగానే ఆమె చేతులు తడబడడం మొదలుపెట్టాయి. కోచ్ సార్ ఆమెని బయటకి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఓడిపోయాం. అయినా నేను బాగా ఆడానని అందరూ అన్నారు.

మ్యాచ్ అయ్యాక సార్ నన్ను పక్కకి పిలిచారు. ఆయన నిజంగా అయోమయంలో ఉన్నారు.

"రత్నం కో క్యా హువా? ఏమైంది ఆమెకి? నువ్వు పక్కనే ఉన్నావు కదా, చెప్పు."

"డర్ గయీ సార్. ఇంత జనాన్ని చూసి భయపడిపోయింది."

"ఒక్కసారి కూడా బాల్ అడగలేదా?"

"లేదు సార్. ఇవ్వొద్దక్కా అని తనే సైగ చేసింది."

ఆ చివరి మాట ఆయన అడగలేదు. నేనే ఇచ్చాను. మిగిలినదంతా ఆట వేడిలో జరిగిపోయిందని సర్దిచెప్పుకున్న రోజులున్నాయి. ఈ మాటని మాత్రం ఎలా తిప్పినా సర్దలేకపోయాను. నిలబడి, నీళ్ళు తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని చెప్పిన అబద్ధం అది.

ఉద్యోగం నాకు వచ్చింది. అందులోనే ఉన్నాను ఇప్పటికీ. రత్నం ఆట మానేసింది. పెళ్ళి చేసుకుంది, భర్త పోయాడు, చేపలమ్మి కూతుర్ని చదివించుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి మార్కెట్టులో కలిసినప్పుడు, నా సంచిలో సురుమాయి చేప ముక్కలు వేస్తూ తనంతట తానే అంది: "ఆ రోజు మద్రాసులో నా సేతులు సచ్చిపోనాయక్కా. ఏటయ్యిందో నాకే తెల్దు. నా వల్ల మీరందరూ ఓడిపోనారు."

మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారు? నేను, "పోనీలే రత్నం, ఎవరికైనా జరుగుతుంది" అన్నాను. క్షమించినట్టు అన్నాను! చేపలు తీసుకుని ఇంటికొచ్చి పులుసు పెట్టాను. ఒక్కోసారి మద్రాసు కంటే ఆ పులుసే ఎక్కువ గుర్తొస్తుంది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య ఒక ఆదివారం జరిగిన సంగతి వల్ల. మా పాత ఆటగాళ్ళం కొందరం ఆదివారాలు పొద్దున్నే అబర్డీన్ బజార్‌లో టీ తాగడానికి కలుస్తుంటాం. షెఫాలీ ఒక ఆట మొదలుపెట్టింది. మా కాలం నుంచి అందరికంటే గొప్ప అయిదుగురిని ఏరి జట్టు కట్టాలి, ఇప్పటి పిల్లలతో ఆడితే ఎవరు గెలుస్తారో తేల్చాలి. నియమాలు కూడా పెట్టింది. అందరూ మోకాళ్ళ నొప్పుల్లేని ఇరవై ఏళ్ళ వయసులో ఉన్నట్టు లెక్క. పోయినవాళ్ళు కూడా ఆడొచ్చు.

మొదట కార్ నికోబార్ మేరీ పేరు వచ్చింది. అందరికంటే పొడుగు మనిషి, బుట్ట కింద ఆమెని దాటినవాళ్ళు లేరు. సునామీలో పోయింది. తర్వాత నా పేరు వచ్చింది. "కెప్టెన్ తో పక్కా, నువ్వు ఖాయం" అంది షెఫాలీ, నా వీపు తట్టి. ఇంకో ఇద్దరి పేర్లు వచ్చాయి. అయిదో చోటు దగ్గర ఎవరో రత్నం అన్నారు.

"నై నై," అంది షెఫాలీ. "ఇక్కడ శేర్నీ, మద్రాస్‌లో బిల్లీ. పెద్ద మ్యాచ్‌లో చేతులెత్తేసే మనిషిని ఎలా తీసుకుంటాం?"

అందరూ నవ్వారు. ఇక్కడ ఆడపులి, అక్కడ పిల్లి. ఆ నవ్వులో పగ లేదు, జరిగింది అదేనని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం ఇచ్చింది నేను. చనిపోయినవాళ్ళకి కూడా ఆ జట్టులో చోటుంది, జంగ్లీఘాట్‌లో బతికున్న మనిషికి లేదు. నేను టీ తాగుతూనే ఉన్నాను. చల్లారిపోయినా తాగాను.

అప్పుడు ఇంకో మాట వచ్చింది. రత్నం కూతురు కీర్తి కూడా ఆడుతుందనీ, మంచి ఆటగత్తె అనీ, మెయిన్‌లాండ్‌లో టోర్నమెంటుకి ఎంపికైతే తల్లే పంపనని మాన్పించిందనీ ఎవరో చెప్పారు. ఎందుకట? 'మా ఇంటి ఆడోళ్ళకి అక్కడ సేతులాడవు. పదిమందిలో పరువు తీసుకోవద్దు' అందట.

నేను లేచి వచ్చేశాను. తల నొప్పిగా ఉందని చెప్పాను. ఇంకో అబద్ధం.

అప్పటిదాకా నా తప్పు ఎప్పుడో అయిపోయిందనుకున్నాను. పాతబడిందనుకున్నాను. అది పెరుగుతూనే ఉందని, నేను చూడని ఇంట్లో అన్నం తింటూ, కీర్తి మోకాళ్ళ దాకా, భుజాల దాకా ఎదిగిందని ఆ రోజే తెలిసింది.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి జంగ్లీఘాట్ వెళ్ళాను. రత్నం మార్కెట్టు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి సంబరపడింది. కుర్చీ తుడిచి వేసింది. కూర్చోలేదు నేను. కూర్చుంటే చెప్పలేనని భయం. వరసగా చెప్పేశాను, చెయ్యి కనపడడం, తిరగడం, బంతి మోకాళ్ళకి కొట్టడం, సార్‌కి చెప్పిన మాట. ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయం. ఏడవలేదు.

రత్నం చాలాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత లోపలికి కేకేసింది.

"కీర్తీ, ఇటు రా. ఈ అక్క ఏటో సెప్తంది, ఇను." నావైపు తిరిగింది. "నాకు సెప్పిందంతా దానికీ సెప్పు. ఏదీ ఇడిసిపెట్టకు."

ఇరవై ఏళ్ళ పిల్ల ముందు నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిదాని కంటే కష్టం. మొదటిసారి మాటలు వాటంతట అవే తోసుకొస్తాయి. రెండోసారి ఒక్కొక్కటీ మనమే తియ్యాలి. కీర్తి తల్లిని చూసింది. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది.

"వాళ్ళకి సెప్పినావా? మన జట్టోళ్ళకి?" రత్నం అడిగింది.

"లేదు. ముందు నీకే..."

"పాడు సేసింది పదిమందిలో. ఒప్పుకోడానికి మాత్రం మా ఇంటికి ఒంటిగా ఒచ్చినావా?" గొంతు పెంచలేదు. "ఎల్లక్కా. ఇంక ఎల్లు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. తలుపు వెయ్యలేదు ఆమె. లోపలికి వెళ్ళి అన్నం వార్చుకోవడం మొదలుపెట్టింది. నేను అక్కడ లేనట్టే.

తర్వాతి ఆదివారం టీ దగ్గర చెప్పాను. జట్టులోంచి నా పేరు తియ్యమన్నాను, ఎందుకో చెప్పాను. షెఫాలీ మొదట నవ్వింది, హాస్యం అనుకుని. తర్వాత ఆమె మొహం మారిపోయింది. "నేను ఇన్నేళ్ళుగా ఆ పిల్లి మాట చెప్పి నవ్విస్తున్నానే," అంది. ఎవరికో చెబుతున్నట్టు అంది, నాతో కాదు. ఆమె చేత కూడా తప్పు చేయించానని అప్పుడు తట్టింది. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ పర్వాలేదనలేదు. ఒక్కొక్కరే లేచారు. షెఫాలీ వెళ్ళే ముందు, "కోచ్ సార్ ఉండి ఉంటే..." అని ఆగిపోయింది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన నా మాట నమ్మే పోయారు.

ఆ టోర్నమెంటుకి గడువు దాటిపోయింది, కీర్తి ఈ ఏడాది వెళ్ళలేదు. వచ్చే ఏడాది వెళుతుందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కు నాకు లేదు. ఆదివారం టీకి నన్ను ఎవరూ పిలవడం లేదు. రత్నం మార్కెట్టులో నన్ను చూస్తే పక్క గిరాకీ వైపు తిరుగుతుంది. నేను మరో వరసలో చేపలు కొనుక్కుంటున్నాను. ఉద్యోగానికి ఇంకా వెళుతూనే ఉన్నాను, దాన్ని తిరిగి ఇచ్చే దారి ఉంటే ఇస్తానా అని నన్ను నేను అడుగుతుంటాను. ఇస్తానని గట్టిగా చెప్పలేను. అదీ మీకు దాచడం లేదు.

ఏమీ బాగుపడలేదు. నాకు మాత్రం కొంచెం ఊపిరి ఆడుతోంది. ఇది న్యాయమో కాదో తెలియదు, బాధపడాల్సినదాన్ని నేను కదా. కానీ మొన్న ఆఫీసులో ఎవరో ఎవరినో 'రత్నం' అని పిలిచారు. నేను తల తిప్పి చూశాను. చేతిలో పని చేసుకుంటూనే చూశాను.