మోకాళ్ల మీద నాయనమ్మ

గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో హాస్పిటల్ డ్యూటీ దిగి రూముకొచ్చేసరికి టీవీలో ఏదో పాతకాలపు కథ సినిమా నడుస్తోంది. అడవి జనం కొలిచే చెట్టును ఒక మిషనరీ నరికేశాడు. అందరూ భయపడ్డట్టు పిడుగేదీ పడలేదు. జనమంతా మోకరించారు.

చిన్నప్పుడు మా చర్చి గోడ మీద ఇలాంటి సినిమానే వేశారు. మర్నాడే, నాయనమ్మ పసుపు రాసి మొక్కే పోలేరమ్మ రాయిని ఇంటి పక్క బోదె కాలువలోకి విసిరేశాను. నాయనమ్మ అది చూసి కాలువలోకి దిగి మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మా, నాయనమ్మ కూడా మోకరించింది! ఇంక మనతో చర్చికొచ్చేస్తది!" అంటూ ఇంట్లోకి పరిగెత్తాను.

అమ్మ వచ్చి చూసింది. "ఎంత పని చేశావే! ఆవిడ రాయి వెతుక్కుంటోందే" అని, చీర ఎగ్గట్టి తనూ ఆ బురదలోకి దిగింది.

టీవీలో జనం ఇంకా మోకాళ్ల మీదే ఉన్నారు. వాళ్ల చేతులు నేల మీద ఏం వెతుకుతున్నాయోనని చూస్తూ ఉండిపోయాను.