ఊపిరి బిగబట్టే పిల్ల

నాన్నా, మీ అక్క సీమంతం వీడియో ఫోన్లో చూశావుగా, దాన్ని చేసిన జగ్గయ్యపేట స్టూడియో పిల్ల గురించి చెప్తా. కంప్యూటర్లో ఏదన్నా కలపబోయే ముందు ఊపిరి బిగబట్టేది. పక్కన కూర్చున్న నాకూ ఊపిరాడేది కాదు.

సీమంతం రోజు హాల్లో వెయ్యడానికని ముందే మీ అక్కని పచ్చగుడ్డ ముందు నిలబెట్టి తీశారు. ఆ పచ్చ తీసేసి వెనక పూలతోట పెడతారంట. తీసేసరికి పచ్చ మట్టిగాజులు కూడా మాయం! కడుపుతో ఉన్న పిల్లకి బోసిచేతులు. అవతల నందిగామలో సీమంతం జరిగే హాల్లో మీ అక్క అత్తగారు వచ్చి కూర్చున్నారు. ఆవిడకి పట్టింపులెక్కువ.

"ఎర్రగాజులు అతికించెయ్యనా అమ్మమ్మగారూ?"

"వద్దమ్మా, నా చేత్తో తొడిగినవే ఉండాలి."

"అయితే పచ్చని తీసే కీ అంతటికీ ఒకటే పెడితే కుదరదండి," అని జుట్టుకొకటి, చీరకొకటి పెట్టి విడివిడిగా పచ్చ తీసింది. చేతుల దగ్గర మాత్రం ఒక్కో గాజు చుట్టూ గీత గీసి, ఆ పచ్చ పోకుండా ఆపింది. కంప్యూటర్ తెరమీద ఒక్కో పనికీ ఒక్కో డబ్బా బొమ్మ. వాటిని తీగల్లాంటి గీతల్తో కలిపింది. గాజులొచ్చాయి, ముంగురులు పోయాయి. విప్పి మళ్ళీ కలిపింది. ఈసారి అన్నీ నిలిచాయి. నేను హమ్మయ్య అన్నా. ఆ పిల్ల అనలా. పెన్‌డ్రైవ్ పట్టుకుని నాతోపాటే కారెక్కింది.

హాల్లో పెద్ద తెరమీద వీడియో వేశారు. మీ అక్క అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "చేతులు ఎంత నిండుగా ఉన్నాయో పిన్నిగారూ!" అన్నారు.

అప్పుడు నా వెనక కుర్చీలో ఆ పిల్ల ఊపిరి వదలడం వినపడింది.