కిరాయి ఇంట్ల సముద్రం

నీలం లైటు వేయగానే ముందుగది మునిగిపోయేది. సున్నం గోడల మీద, మూలనున్న బియ్యం బస్తా మీద, మంచంలో కూర్చున్న కమిలి ముఖం మీద అలల నీడలు పాకేవి. గాజుతొట్టిలో తెల్లటి ఇసుక, రంధ్రాల రాళ్ళు, ఆ రాళ్ళను పట్టుకుని ఊగే పగడాలు. అందులో ఒకటి లేత గులాబీ రంగుది. పసిబిడ్డ పిడికిలి మూసి తెరిచినట్టు ఆగకుండా మూసి తెరుస్తుండేది.

"యాడీ, సూడు, నిన్ను పిలుస్తున్నది," అనేవాడు కొడుకు హర్యా. లంబాడీలో తల్లిని పిలిచే పిలుపు అది. ఆ ఇంట్లో మాటలన్నీ లంబాడీలోనే. మన కోసం తెలుగులో చెప్పుకుంటున్నాం, అంతే.

"పిలిస్తే పోవాలె గద. నా కాళ్ళు రావాయె," అని నవ్వేది కమిలి.

హర్యా మిర్యాలగూడలో నీళ్ళ మిషన్లు బిగిస్తాడు, చెడిపోతే బాగుచేస్తాడు. నిడమనూరు నుంచి కోదాడ దాకా అతని బండి ఎరగని రోడ్డు లేదు. కోదాడలో హైవే పక్క హోటల్లో ఫిల్టరు మార్చడానికి పోయినప్పుడు మొదటిసారి చూశాడు ఇట్లాంటి తొట్టిని. చేతిలో పానా పట్టుకుని అట్లనే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, పనికొచ్చావా, సినిమాకొచ్చావా?" అన్నాడు కౌంటరు మీదాయన.

"సముద్రం గిట్లనే ఉంటదా సార్?"

"ఇంతకంటే కాస్త పెద్దగా ఉంటుందిలే."

ఆ రోజు నుంచి హర్యా కండ్లు మూస్తే నీలమే. తొట్టి సంపాయించాడు. సముద్రపు నీళ్ళు చేసే ఉప్పు హైదరాబాదు నుంచి తెప్పించాడు. నీళ్ళ సంగతి అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మిషన్లో వడగట్టి, ఏమీ మిగలని నీళ్ళలో ఆ ఉప్పు కలిపి, మోటరుతో అలలు పుట్టించాడు. చేపల్లేవు, పగడాల్లేవు. వారాల తరబడి ఉత్త నీళ్ళు రాళ్ళ చుట్టూ తిరుగుతుంటే అతను ముందు కూర్చుని చూసేవాడు.

"చేపలేవి?" అంది భార్య సరళ. ఆమె ఆశా వర్కరు, పొద్దున పోతే మాపటికి వస్తది.

"ముందు నీళ్ళల్ల ప్రాణం పడాలె. కంటికి కనపడని పురుగులు పుట్టాలె. అవి మురికిని తినాలె. అప్పుడు చేపలు."

"మంచిగుంది. మనుషులు పురుగులు లేని నీళ్ళు కావాలని నిన్ను పిలుస్తరు. నువ్వేమో ఇంట్ల పురుగులు పెంచుతున్నవ్."

మేడ మీదుండే ఇంటాయన యేసయ్య సారు దిగివచ్చి చూసి, "ఒక్క కుటుంబమని చెప్పి దిగినవ్ హర్యా. ఇప్పుడు సముద్రాన్ని తెచ్చి పెట్టినవ్. దానికి వేరే కిరాయి," అన్నాడు. అని తొట్టి ముందు కూర్చుని గంటసేపు లేవలేదు.

పగడాలు సముద్రంలో విరగ్గొట్టి తెచ్చినవి కావు. ఆ పాపం వద్దనుకున్నాడు. హైదరాబాదులో ఒకాయన తన తొట్టిలో పెంచి, వరి పిలకల్లాగా విడదీసి ఇచ్చినవి. నాటుకున్నాయి. నత్తలొచ్చాయి, రొయ్యలొచ్చాయి, నారింజ రంగు చేప ఒకటి వచ్చింది. అప్పుడు తల్లిని తీసుకొచ్చాడు.

కమిలిది త్రిపురారం అవతల గుట్ట మీది తండా. గుట్ట కింద నుంచి కాలువ నిండుగా పోయేది. తండాకు మాత్రం బోరింగే దిక్కు. కాలువ పల్లం చూసుకుని పారుతదని అంటారు. అబద్ధం. కాలువ ఎటు పారాలో మనుషులే గీస్తారు, గీసినవాళ్ళ కాగితంలో ఆ తండా లేదు. బోరింగు నీళ్ళలోని ఫ్లోరైడు కమిలి ఎముకల్లో చేరి మోకాళ్ళను వంచేసింది. తర్వాత నల్లాలొచ్చాయి, నిజమే. నల్లా తిప్పితే నీళ్ళొస్తాయి గానీ వంగిన ఎముక సాగదు గదా. మంచంలో పడ్డాక ఆమె గోడవైపు తిరిగింది. తిండి వద్దంది, మాట వద్దంది. దవాఖాన వాళ్ళు మందులిచ్చి, మనసు కుదుటపడాలె అన్నారు.

ఆ మనసు ఈ నీలం ముందు కుదుటపడింది. మెల్లగా ఇటు తిరిగింది. జొన్నరొట్టె అడిగి తిన్నది. ఊగే పగడాలను చూస్తూ ఎప్పటివో పాటలు గొంతులోనే పాడుకునేది. ఈ తొట్టి పాడైతే ఆమె మళ్ళీ గోడవైపు తిరుగుతదని హర్యాకు లోపల ఒకటే గుబులు.

ఆ గుబులు నిజమయ్యే రోజు వచ్చింది. నత్తలు వెల్లకిలా పడ్డాయి. రొయ్య చచ్చి తేలింది. గులాబీ పగడం పిడికిలి బిగించి, మరి విప్పలేదు. నారింజ చేప మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నది. చేపకు ఏం కాకుండా నత్త చచ్చిందంటే, నీళ్ళలో రాగి పడ్డదని అనుమానం. రొయ్యలకు, నత్తలకు, పగడాలకు రాగి విషం. అందుకే హర్యా మొదటి నుంచి రాగి కలిసిన ఇత్తడి కొళాయి ముక్క కూడా వాడలేదు. అయినా ప్రతి పైపు విప్పి చూశాడు. ఏమీ లేదు.

"సరళా, రాగి చెంబు గిట్ల ముంచినవా?"

"నీ సముద్రంల నా చెంబెందుకు ముంచుత? ఏదన్నా ఖరాబైతే ముందు పెండ్లామే యాదికొస్తది మీకు!"

జవాబు చెప్పబోయి తల తిప్పాడు. మంచం మీద కమిలి తన రవికకు కుట్టిన దారాన్ని పండ్లతో తెంపుతున్నది. లంబాడీ ఆడవాళ్ళ రవిక నిండా అద్దాలు, గవ్వలు, పాత పైసలు ఉంటాయి. ఆమె రవిక మీద వరసగా చిల్లు కాణీలున్నాయి, వాళ్ళమ్మ కుట్టినవి. వరసలో ఒక చోట ఉత్త దారం వేలాడుతున్నది.

"ఏం చేస్తున్నవ్ యాడీ?"

"మొన్న ఒక్కటే వేసిన. తక్కువైనట్టున్నది. గంగమ్మ అలిగింది. ఇంకోటి వేస్త."

వాడపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి బస్సు ఎక్కగానే అందరూ కిటికీలోంచి పైసలు వేసి దండం పెడతారు. కమిలి ఎన్నిసార్లు వేయలేదు! నదికే పైసా వేసిన మనిషి, సముద్రమే ఇంటికొస్తే ఊరికే ఉంటదా? హర్యా తొట్టిలో చెయ్యి పెట్టి రాయి వెనక ఇసుక తవ్వాడు. కాణీ దొరికింది, ఆకుపచ్చగా చిలుము పట్టి.

చెప్పాలా? చెబితే, నేనే చంపిన అనుకుంటది. చెప్పకుంటే సముద్రం ఎంత నీరసిస్తే అన్ని పైసలు పడతాయి. హర్యా మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ఇది రాగి యాడీ. వీటికి రాగి పడదు. దీంతోనే నత్తలు సచ్చినయి."

కమిలి కాణీని చేతిలోకి తీసుకుంది. "కృష్ణమ్మ తింటది గద?"

"కృష్ణ పెద్దది. ఇది పసిది. అరిగించుకోలేదు."

"నేను మొక్కితె గూడ సస్తయన్నట్టు," అని గోడవైపు తిరిగింది.

సరళ బక్కెట్టు కడిగి తెచ్చి పెట్టింది. ప్రతి వారం మార్చేందుకు హర్యా కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు అందులో పోసి, బతికిన పగడాలను ఒక్కొక్కటే తెచ్చి దించారు. చిన్న మోటరు పెట్టారు. అది నాలుగు చుట్లు తిరిగి ఆగింది. కరెంటు పోయింది.

"యాడీ," అన్నాడు హర్యా. "నీళ్ళు కదలకుంటే ఇవి ఊపిరాడక సస్తయి. తొట్టి నీళ్ళు తోడేయాలె, చేపను తియ్యాలె, మా ఇద్దరికి చేతులు సాలవు. జర నువ్వు ముంచి పోస్తవా?"

"అత్తమ్మా," అంది సరళ, "చంపిన అనుకునేది మల్ల అనుకోవచ్చు. ముందు బతికియ్యి."

మంచం కిర్రుమంది. కమిలి మెల్లగా ఇటు తిరిగింది. బక్కెట్టులోకి తొంగిచూసింది.

"ఏం నీళ్ళు ఇవి?"

"మిషన్ నీళ్ళు. ఉన్న విషమంతా తీసేసి, వాటికి కావాల్సిన ఉప్పు కలిపిన."

"విషమంతా తీసేసి..." ఆ మాటను నోట్లో నానబెట్టుకుంది. "మాక్కూడ గసొంటి నీళ్ళే పడేటియి కొడుకా. అడిగినోళ్ళెవలు?"

నీళ్ళ మిషన్లతో బతికే హర్యా ఆ ప్రశ్న ముందు తల వంచుకున్నాడు. సరళ మగ్గు అందించింది. కమిలి ముంచింది, పైకెత్తింది, సన్నటి ధారగా వదిలింది. గంగాళంలో మజ్జిగ తిరగబోసినట్టు ఒకే తీరు, తొందర లేదు. బక్కెట్టులో చిన్న చిన్న అలలు లేచాయి. పగడాలు అటూ ఇటూ ఊగాయి. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఆ ధార మీద పడితే, వెలుగు గోడ మీదికి ఎక్కి వణికింది.

నత్తలు తిరిగి రావు. పగడాల్లో ఎన్ని నిలుస్తాయో హర్యాకు తెలియదు. రాళ్ళు రాగిని పీల్చుకుని ఉంటాయి, వాటిని పారేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలె. ఉత్త నీళ్ళలో ప్రాణం పడే దాకా మళ్ళీ వారాలు.

ఫ్యాను తిరిగింది. మోటరు గుర్రుమంది.

"కరెంటొచ్చింది యాడీ. ఇగ మగ్గు ఇయ్యి."

కమిలి ఇవ్వలేదు. కండ్లు బక్కెట్టు మీంచి తీయకుండానే, "నీ మోటరును జర ఆగుమను," అని మళ్ళీ ముంచింది.