మనమా, మేమా

మోరిస్‌విల్‌లో మేముండే, పక్కపక్కనే రెండు పోర్షన్లున్న డ్యూప్లెక్స్ నుంచి లైబ్రరీకి నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు. కారు నడపడం రాని రోజుల్లో నా అంతట నేను వెళ్లగలిగిన చోటు అదొక్కటే. అమెరికాలో నాది డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేసే వీల్లేదు. బీకాం రెండో ఏడుతో ఆగిన చదువు. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఏడేళ్లలో పెద్దవాళ్ల అరలదాకా వచ్చాను. చదివిన ప్రతి పుస్తకం పేరూ రాసుకున్నాను. నాలుగు నోట్‌బుక్‌లయ్యాయి. నాకు చదువు చెప్పింది ఆ భవనమేనని ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. కాకపోతే అలా చెప్పిన ప్రతిసారీ ఒకరి ముఖం గుర్తొస్తుంది.

ఆవిడ అక్కడ లైబ్రేరియన్. నల్లజాతి స్త్రీ, నాకంటే పదేళ్లు పెద్ద. ఏదైనా మాటకి అర్థం అడిగితే చెప్పేది కాదు, ఆ మాట ఉన్న ఇంకో పుస్తకం తెచ్చి ఇచ్చేది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా, ఆవిడ ‘యూ’ నా చెవికి ‘నువ్వు’ అనే వినిపించేది, అక్క పిలిచినట్టు.

గురువారం మధ్యాహ్నాలు ఆవిడ ఒక రీడింగ్ గ్రూప్ నడిపేది. నన్నూ చేర్చుకుంది. ఆ ఏడు నల్లజాతి స్త్రీలు రాసిన వ్యాసాలు చదివాం. వాటిలో ఒక నొప్పి మళ్లీ మళ్లీ కనిపించేది. తెల్ల ఆడవాళ్లు ‘మన ఆడవాళ్లం’ అన్నప్పుడు అందులో వీళ్లు లేరు. నల్ల మగవాళ్లు ‘మన జాతి’ అన్నప్పుడూ లేరు. రెండు చోట్లా సభ్యులే, రెండు చోట్లా గుమ్మం బయటే. ఒకరోజు ధైర్యం చేసి మొదటిసారి చెయ్యెత్తాను.

“ఇంగ్లీషులో ‘వీ’ ఒక్కటే. మా తెలుగులో రెండున్నాయి. మనం అంటే మీతో కలిపి. మేము అంటే మిమ్మల్ని వదిలేసి.”

ఆవిడ బల్ల మీద చరిచి నవ్వింది. “నలభై పేజీలు చదివించాను కదా మీ అందరిచేతా! ఈ అమ్మాయి వాళ్ల అమ్మమ్మలు రెండు ముక్కల్లో తేల్చేశారు.”

రెండు మాటల్నీ ఇంగ్లీషు అక్షరాల్లో బోర్డు మీద రాసింది. ఆ తర్వాత గ్రూప్‌లో ఎవరు ‘వీ’ అన్నా సరే, వేలు చూపించి “మనమా, మేమా?” అని అడిగేది. అందరూ నవ్వేవాళ్లు. తెలుగుని అంత గొప్పగా ఎవరి నోటా విన్నట్టు లేదు నాకు.

ఆ చనువుతో నా సంగతులూ చెప్పుకున్నాను. మా ఇంట్లో అక్క తెలుపు, నేను నలుపు. చర్మం మండేదాకా సున్నిపిండితో రుద్దేవాళ్లు. పెళ్లికి పంపిన బయోడేటాలో ‘చామనఛాయ’ అని రాస్తే, పెళ్లివారు వచ్చి చూసి, “ఇదా చామనఛాయ?” అన్నారు. ఇక్కడికొస్తే ఉద్యోగానికి పనికిరాని వీసా. “నేనూ మీలాగే” అన్నాను.

ఆవిడ చివరిదాకా విన్నది. “నిన్ను ఎందుకు బయట నిలబెట్టారో బాగా చెప్పావు. ఎందుకు లోపలికి రానిచ్చారో ఎప్పుడైనా రాసుకున్నావా?”

ఇంటికొచ్చి ఆ ప్రశ్న రాసుకున్నాను. దాని కింద ఒక పేజీ ఖాళీ వదిలాను. నిజానికి జవాబు నేను కూర్చున్న ఇల్లే. దేశానికి కొత్తగా వచ్చినప్పుడు మాకు క్రెడిట్ హిస్టరీ లేదు, ఏ అపార్ట్‌మెంట్ వాళ్లూ ఇల్లివ్వలేదు. ఈ ఇంటి ఓనరు అంకుల్ మాత్రం కాగితాలేవీ అడగలేదు. “మీ ఇంటిపేరేంటమ్మా? ఏ ఊరు?” అన్నారంతే. చెప్పగానే, “అయితే మనవాళ్లే!” అని తాళాలు చేతిలో పెట్టారు. ఆ ‘మన’లోకి రాలేనివాళ్లు మా ఊళ్లోనే సగంమంది ఉన్నారని నాకు ఆ రోజు తట్టలేదు.

మరుసటి వసంతంలో ఆవిడ అద్దెకుంటున్న బిల్డింగ్‌ని అమ్మేశారు. ఆవిడా, డెబ్బై ఎనిమిదేళ్ల తల్లీ రెండు నెలల్లో ఖాళీ చేయాలి. తల్లి మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లు ఎక్కలేదు. సరిగ్గా అప్పుడే మా పక్క పోర్షన్ ఖాళీ అయింది. ఒక్క మెట్టు కూడా లేదు. “నేను మాట్లాడతాను, మీరు ఇంకెక్కడా చూడకండి” అని నేనే చెప్పాను. ఒక శనివారం ఇద్దరూ వచ్చి చూశారు. పెద్దావిడ కారు దిగి, ముందున్న వరండాలో చేతికర్రతో ఒకచోట తట్టి, “నా కుర్చీ ఇక్కడ” అంది.

అంకుల్‌కి ఫోన్ చేశాను.

“లైబ్రరీలో పనిచేస్తారంకుల్. ఆవిడా, వాళ్లమ్మగారూ ఇద్దరే.”

“తెలుగువాళ్లేనా?”

“కాదంకుల్, ఇక్కడివాళ్లే.”

“ఇక్కడివాళ్లంటే? తెల్లవాళ్లా, నల్లవాళ్లా?”

చెప్పాను.

“అబ్బే, నాకేం పట్టింపు లేదమ్మా. మా మేనేజరూ వాళ్లే. కానీ గోడకివతల మీరున్నారు. మీ పోపు వాసన వాళ్లకి పడదు, వాళ్ల మ్యూజిక్ మీకు పడదు. మనవాళ్లకిస్తే ఏ గొడవా ఉండదు.”

“డెబ్బై ఎనిమిదేళ్లావిడ మ్యూజిక్ ఏం పెడుతుందంకుల్?”

ఆయన నవ్వారు. “పుస్తకాలు చదివి లాయరువైపోయావే! సరే గానీ, ఆల్రెడీ ఇచ్చేశామని చెప్పెయ్. నేను చెప్తే లీగల్‌గా ప్రాబ్లెమ్, రంగు చూసి ఇవ్వలేదని కేసు పెట్టొచ్చు. నువ్వైతే ఇంగ్లీష్ నీట్‌గా మాట్లాడతావు. అన్నట్టు మీ లీజు కూడా వచ్చే నెలే కదా, రెన్యూ చేసేద్దాం.”

మా ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. “ఆయనతో పెట్టుకుని ఇప్పుడు పాప స్కూల్ మారుద్దామా?”

“ఆవిడకి అబద్ధం చెప్పమంటావా?”

“అబద్ధమేముంది? ఇవ్వట్లేదన్నది నిజమే కదా.”

ఈ మాటలన్నీ రాస్తున్నాను గానీ, నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. అంకుల్ అన్నమాట ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. ఆవిడ ఏం చేయాలో ఆవిడే నిర్ణయించుకునేది. గురువారం గ్రూప్ అయిపోయాక, అందరూ వెళ్లేదాకా ఆగి, ఆ భవనమే నేర్పిన ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా చెప్పాను. “సారీ. వీ ఆల్రెడీ గేవ్ ఇట్ టు సమ్‌వన్.”

కుర్చీలు సర్దుతున్న ఆవిడ ఆగింది. “వీ?” అంది. తర్వాత తెలుగులో మెల్లగా, “మేము” అంది. ఈసారి అది ప్రశ్న కాదు.

ఆ నెలాఖరుకి వేరే ఊళ్లో ఇల్లు దొరికి, అక్కడి లైబ్రరీకే బదిలీ చేయించుకుంది. మా పక్క పోర్షన్ ముందు అద్దె బోర్డు ఆరు వారాలుంది. తర్వాత ఇద్దరు మనవాళ్ల అబ్బాయిలు దిగారు. శనివారాలు వాళ్ల స్పీకర్లకి మా గోడ మీద ఫోటోలు ఊగేవి. మేం ఎప్పుడూ కంప్లైంట్ చేయలేదు.

డ్రైవింగ్ నేర్చుకున్నాక ఫ్రీవే ఎక్కి నేను ఒంటరిగా వెళ్లిన మొదటి చోటు ఆవిడ కొత్త లైబ్రరీ. నలభై నిమిషాల దారి. కౌంటర్ దగ్గర ఆవిడే ఉంది.

“కార్డు ఉందా?” అంది. ఏడేళ్లలో నన్నెప్పుడూ అడగని మాట. భాష అదే ఇంగ్లీషు, కానీ ఆ రోజు ఆవిడ మాటలన్నీ నాకు ‘మీరు’తోనే వినిపించాయి.

“ఆ ఇల్లు అప్పటికి ఎవరికీ ఇవ్వలేదు. అబద్ధం చెప్పాను.”

“తెలుసు. బదిలీ అయ్యేదాకా నేను డ్యూటీకి వచ్చిన దారి అదే. రోజూ బోర్డు చూసేదాన్ని.”

“అమ్మగారు ఎలా ఉన్నారు?”

“రెండో అంతస్తులో ఉంది. దిగితే మళ్లీ ఎక్కాలని దిగడం మానేసింది.”

నన్ను క్షమించమని అడగబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. “ఇది నాకోసం చెబుతున్నారా, మీకోసమా?”

నాలుగు నోట్‌బుక్‌లు నిండా చదివిన నేను బ్యాగులోంచి కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాను.

“మీ వెనక మనుషులున్నారు” అంది నెమ్మదిగా.

పక్కకి జరిగాను. నా వెనకాల ఉన్న ముసలాయన్ని ఆవిడ పేరు పెట్టి పలకరించింది. కార్డు అడగకుండానే ఆయన పుస్తకాలు తీసి ఇచ్చింది.