ఎవరి దేవుడి ముందు

ఎగువూరు అంగడి ఆంజనప్పకు అనుమానం పుట్టుకతో వచ్చింది. చింతామణి సంత నుంచి తెచ్చిన బెల్లాన్ని ఇంటికొచ్చాక మళ్ళీ తూస్తాడు. భార్య వనజమ్మ ఇచ్చిన కాఫీనైనా ఒకసారి వాసన చూసిగానీ తాగడు. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట" అన్నది ఆయన ఊతపదం. అలాంటి మనిషి జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక్కసారి ఒకరిని నమ్మాడు, అప్పటినుంచే ఆయనకు నిద్ర కరువైంది.

ఎగువూరు, దిగువూరు కలిపి ఒకే పంచాయితీ. పైన హిందువులు ఎక్కువ, కింద ముస్లింలు ఎక్కువ. ఎన్నికల్లో సభ్యులు సరిసమానంగా గెలిచేసరికి, అధ్యక్ష పదవిని సగం సగం పంచుకోమన్నారు పెద్దలు. మొదటి సగం దిగువూరి బాబాజాన్‌ది. గడువు కాగానే అతను దిగిపోవాలి. రెండో సగం ఆంజనప్పది, అందాకా ఆయన అడ్డం రాకూడదు. నమ్మకం కుదరాలని ఒకరి దేవుడి ముందు ఒకరు ఒట్టేశారు. ఆంజనప్ప దర్గాలో, బాబాజాన్ ఆంజనేయస్వామి గుడిలో. ఆహా ఏమి సఖ్యత అని జనం చప్పట్లు కొట్టారు.

గడువు దగ్గరపడేకొద్దీ ఆంజనప్ప మనసులో పురుగు దొలవసాగింది. తనది కాని దేవుడి ముందు వేసిన ఒట్టుకు సాయిబు ఎందుకు భయపడతాడు? ఆఫీసు కన్నడంలో హంచుకోవడమన్నా, ఇంటి తెలుగులో పంచుకోవడమన్నా ఒకటే. అక్షరం కాస్త వంకర తిరిగి అక్కడ హొంచు, ఇక్కడ పొంచు అయితే మాత్రం రెండు భాషల్లోనూ అది పొంచి ఉండటమే.

"దిగిపోయేటోడు ఆఫీసులో కొత్త ఫ్యాను ఏల ఏయించుకుంటాడే?" అన్నాడు భార్యతో.

"ఉబ్బరంగా ఉండాది, ఏయించుకున్నాడు" అంది వనజమ్మ.

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. గడువుకు ముందే బాబాజాన్‌ను దించేయాలని చాటుగా సభ్యులను కూడగట్టాడు. దిగువూరి సభ్యుడు అంబరీష్‌కు ఉపాధ్యక్ష పదవి ఆశ చూపాడు. ఆఫీసులో దాన్ని అవిశ్వాస తీర్మానం అంటారు. మన ఆంజనప్పకు అందులో తీర్మానం ఒక్కటే కొత్త.

"నువ్వూ దర్గాలో ఒట్టేసింటివి కదా?" అని అడిగింది వనజమ్మ.

"అది మన దేవుడు కాదు కదే!"

ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అయినా అంబరీష్‌ను మాత్రం నమ్మేదెట్లా? ఎందుకైనా మంచిదని ఆంజనప్ప దిగువూరికి పోయి, ఈసారి సొంత దేవుడి ముందు ఒట్టేయమని బాబాజాన్‌ను అడిగాడు. బాబాజాన్ నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే దర్గాలోకి నడిచి, గడువుకు దిగిపోతానని అందరికీ వినిపించేలా చెప్పి వచ్చాడు.

"ఇంగ నువ్వు రా అన్నా. మీ స్వామి ముందర చెప్పు, అందాకా అడ్డం రానని."

కాదనడానికి సాకు దొరకలేదు. ఇద్దరూ ఎగువూరి గుడికి వచ్చారు. పూజారి రామకృష్ణప్ప కర్పూరం వెలిగించాడు. ఎదురుగా ఉన్నది తన పేరున్న దేవుడు, చిన్నప్పటినుంచి మొక్కిన దేవుడు. ఆంజనప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. నిజంగానే భయం వేసింది.

"చెప్పప్పా" అన్నాడు పూజారి.

కర్పూరం ఆరిపోయింది. బాబాజాన్‌కు తనను దించే ఎత్తు చాటుగా నడుస్తోందని తెలిసిపోయింది.

"నేను దిగిపోతాలే అన్నా, ఒట్టేసినా కదా" అన్నాడు మెల్లగా. "మా దర్గాలో ఏసిన ఒట్టు నీకు లెక్కలేదు. నువ్వు ఎక్కినంక మా ఊరోళ్ళు యాడ మొక్కుకోవాల్నో అది చెప్పు."