తలుపు దగ్గర పడిపోయే మనిషి

సినిమాల్లో బ్యాంకు దోపిడీ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. వ్యాను ఆగుతుంది, ముసుగువాళ్లు దిగుతారు, తలుపు దగ్గరున్న వాచ్‌మన్ పడిపోతాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూపించరు. హాలంతా ఈలలే. నేనూ వేసేదాన్ని, ఆడపిల్లవు, ఈలలేంటని ఎవరన్నా అంటే ఇంకా గట్టిగా వేసేదాన్ని.

పక్క సీట్లో మా బాపు మాత్రం ముందుకు వంగి, "గా వాచ్‌మన్ బతికిండా బిడ్డా?" అని అడిగేవాడు. లింగాల ఘనపూర్‌లో ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని కాపలా కాసే ఉద్యోగం ఆయనది. జనగామకు దోపిడీ సినిమా వస్తే నన్ను తీసుకెళ్లాల్సిందే. హీరో గెలిచి, జనం లేచిపోయి, ఊడ్చేవాళ్లు వచ్చినా కుర్చీ వదిలేవాడు కాదు. చివర్లోనైనా దవాఖాన మంచం మీద ఆ వాచ్‌మన్‌ను చూపిస్తారేమోనని ఆశ.

ఇంటర్‌లో ఉండగా ఒకసారి బాపు అలా అడిగితే వెనక వరసలో నా దోస్తులు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "గాయన ఆటల అరటిపండు బాపు. సచ్చిండో బతికిండో ఎవనికి గావాలె?" అన్నాను. బాపు లేచాడు. కండువా దులుపుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఎంత పిలిచినా సినిమాకు రాలేదు.

పోయినేడు బాపు చనిపోయాడు. మూడో రోజు విస్తరిలో అన్నం పిట్టకు పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపైనా రాలేదు. ఏదో కోరిక మిగిలిందన్నారు. కాళేశ్వరంలో అస్థికలు కలుపుతామని, ఊరందరికీ భోజనం పెడతామని అమ్మ ఒక్కొక్క మాటే ఇస్తోంది. అప్పుడు, బాపుతో పనిచేసిన ముసలి అటెండరు నా పక్కకు జరిగాడు.

"మీ బాపు తుపాకిల తూటాలు ఎన్నడు లెవ్వు బిడ్డా. అవి మేనేజరు బీరువల ఉంటుండె. ఎవడన్న వస్తే ముందు పొయ్యేది నేనే గద అంటుండె. ఇంట్ల జెప్పకు, పరేషాన్ అయితరు అన్నడు."

అన్నేళ్లూ ఉత్త తుపాకీతో నిలబడ్డాడు. హాల్లో నన్ను అడిగింది తన సంగతి. నేనిచ్చిన జవాబు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. విస్తరి దగ్గరికి పోయి, "నాకు గావాలె బాపు" అన్నాను.

కాసేపటికి కాకి వచ్చి ముట్టింది. అమ్మ దండం పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. బాపు పోయేముందు మహబూబాబాద్ దవాఖానలో ఆయన మంచం పక్కన పదకొండు రోజులు కూర్చున్నాను. ఆ మాట అప్పుడు అనలేదు.